చలికి ఓర్చుకునే పామ్: ఏ గింజ వేయాలి, ఏ చోట మొలకెత్తించాలి?

2021 ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది. సెల్సియస్‌లో చెప్పాలంటే మైనస్ 19. హోటళ్ల ముందు, స్విమ్మింగ్ పూల్స్ పక్కన, కొత్త కాలనీల గేట్ల దగ్గర దర్జాగా నిలబడ్డ పామ్ చెట్లు చాలావరకు ఆ వారంతో పోయాయి. వాషింగ్టోనియాలు పోయాయి. కెనరీ ఖర్జూరాలు పోయాయి. నర్సరీల వాళ్లు ‘సిల్వెస్టర్ పామ్’ అని పేరు పెట్టి ఖరీదుగా అమ్మే మన ఈత చెట్లు కూడా చాలా చోట్ల పోయాయి. సేబల్ మైనర్ అనే పొట్టి పామ్ మాత్రం మళ్లీ మామూలుగా ఆకులేసింది. డ్వార్ఫ్ పామెట్టో అన్నా అదే. కొనేటప్పుడు దాని వైపు ఎవరూ చూడరు, ఎందుకంటే దానికి మాను ఉండదు.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉంటూ పెరట్లో ఒక పామ్ ఉండాలని కోరుకునే మనవాళ్లు తక్కువేం కాదు. తాటిచెట్లు చూస్తూ పెరిగినవాళ్లకి ఆ విసనకర్ర ఆకు మీద మమకారం ఎక్కడికి పోతుంది? తాటి, కొబ్బరి మంచుకు అస్సలు ఆగవు కాబట్టి వాటి ఆశ వదులుకోవాల్సిందే. ఊరి నుంచి సూట్‌కేసులో తాటి టెంకలు తెచ్చే ఆలోచనా వద్దు. అమెరికాలో దిగాక గింజలు ఉన్నాయని చెప్పకపోతే జరిమానా పడొచ్చు. చెప్పినా సరైన కాగితాలు లేకపోతే తీసేసుకుంటారు.

ఒక మాట ముందే. రెండేళ్లలో ఫొటో దిగడానికి పనికొచ్చే చెట్టు కావాలంటే గింజల జోలికి వెళ్లకండి, నర్సరీలో మొక్క కొనుక్కోండి. గింజ నుంచి వచ్చిన పామ్ మొదటి ఏడాదంతా ఒకటో రెండో సన్నటి ఆకులతో ఉంటుంది. కలుపు అనుకుని ఇంట్లోవాళ్లే పీకేసే ప్రమాదం ఉంది. విసనకర్ర ఆకు విచ్చుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈ ఓపిక ఉన్నవాళ్ల కోసమే మిగతాదంతా.

చలి ఒక్కటే లెక్క కాదు

గింజలు కొనేవాళ్లు సాధారణంగా చూసేది ఒక్కటే అంకె: చెట్టు ఎంత చలికి ఆగుతుంది అని. దాన్ని యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) జోన్ మ్యాప్‌తో పోల్చుకుని ఆర్డర్ పెట్టేస్తారు. ఆ మ్యాప్ 2023లో కొత్తది వచ్చింది. జోన్ 8 అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి 10 నుంచి 20 ఫారన్‌హీట్ మధ్య ఉంటుందని, జోన్ 7 అంటే 0 నుంచి 10 మధ్య ఉంటుందని. అయితే అది చాలా ఏళ్ల సగటు. డాలస్ జోన్ 8లో ఉంది, 2021లో వచ్చింది జోన్ 6 చలి. అందుకని చెట్టుగా నేలలో పెట్టి వదిలేసే ఉద్దేశం ఉంటే, మీ జోన్ కన్నా ఒక జోన్ కింద బతికే రకాన్ని ఎంచుకోండి.

ఇక ఎవరూ అడగని రెండో సంగతి వేసవి. సేబల్ మైనర్, నీడిల్ పామ్ రెండూ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలవి. జార్జియా, అలబామా, ఫ్లోరిడాల ఉక్కపోతలో పుట్టినవి. వేసవి వేడిగా ఉంటేనే అవి ఎదుగుతాయి. లండన్‌లోనో సియాటిల్‌లోనో పెడితే చలికి చావవు గానీ ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉంటాయి. చైనా కొండ ప్రాంతాల విండ్‌మిల్ పామ్‌ది పూర్తిగా వేరే స్వభావం. చల్లని వేసవిలో హాయిగా ఎదుగుతుంది. వాంకూవర్‌లో ఇంగ్లిష్ బే ఒడ్డున నిక్షేపంగా నిలబడి ఉన్నవి అవే. డాలస్‌లో దానికి మధ్యాహ్నం కాస్త నీడ, వేసవి పొడుగునా నీళ్లు కావాలి. కాబట్టి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న అన్నయ్యకి, లండన్‌లో ఉన్న చెల్లెలికి ఒకే రకం గింజలు కొనిస్తే ఎవరో ఒకరు నిరాశపడతారు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఈ గొడవే లేదు. అక్కడ సమస్య మంచు కాదు, మే నెల. విండ్‌మిల్‌కి అక్కడ సుఖం ఉండదు.

గింజల సంగతి

విండ్‌మిల్ పామ్‌తో మొదలుపెడదాం. మాను, విసనకర్ర ఆకులు, చలికి ఓర్పు, మూడూ కావాలనుకునేవాళ్లకి మొదట గుర్తొచ్చేది ఇదే. పండు నీలి నలుపులో ఉండి పైన బూడిద పూసినట్టు ఉంటుంది. లోపలి గింజకి చిక్కుడు గింజ వంపు. నేలలో కుదురుకున్న చెట్టు 5 నుంచి 10 ఫారన్‌హీట్ దాకా (మైనస్ 15 నుంచి మైనస్ 12 సెల్సియస్) ఆగుతుంది. 2021లో డాలస్ చుట్టుపక్కల ఇవి కొన్ని చచ్చాయి, కొన్ని బతికాయి. మొలకెత్తడానికి ఎక్కువ వేడి అక్కర్లేదు, 68 నుంచి 75 ఫారన్‌హీట్ చాలు. అంటే మనం ఉండే గది వేడే. తాజా గింజ అయితే ఒకటి నుంచి మూడు నెలల్లో మొలుస్తుంది. ఇబ్బందల్లా ఆ ‘తాజా’ అన్న మాటతోనే. ఈ గింజ ఎండిపోతే చచ్చిపోతుంది. పండ్లు చలికాలంలో పండుతాయి కాబట్టి జనవరి నుంచి మార్చి మధ్యలో కొన్న గింజ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. సెప్టెంబర్‌లో డిస్కౌంట్‌లో దొరికిందంటే అనుమానించండి. దీని చుట్టం ఒకటి మన దేశంలోనే, ఉత్తరాఖండ్‌లో పితోరాగఢ్ వైపు కొండల మీద ఉంది, పేరు తాకిల్. ఆ పేరుతో గింజలు అమ్ముతుంటారు గానీ మామూలు విండ్‌మిల్‌తో తారుమారు కావడం మామూలే. ఆ పేరు చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

సేబల్ మైనర్ నాకు నచ్చిన రకం అని దాచకుండా చెప్తాను. టెక్సస్ నుంచి నార్త్ కరోలైనా దాకా అడవిలో దానంతట అదే పెరుగుతుంది. ఓక్లహోమా ఆగ్నేయ మూలన మెక్‌కర్టెన్ కౌంటీలో కూడా ఉంది. 0 ఫారన్‌హీట్ (మైనస్ 18 సెల్సియస్) దగ్గరకు వెళ్లినా కోలుకుంటుంది. గింజ చిన్నది, గుండ్రం, గట్టి. మిగతా పామ్ గింజలతో పోలిస్తే నిల్వకి కాస్త ఆగుతుంది. కాకపోతే వేడి కావాలి. 90 నుంచి 95 ఫారన్‌హీట్ (32 నుంచి 35 సెల్సియస్) ఇస్తే రెండు నుంచి నాలుగు నెలల్లో మొలుస్తుంది, 70 దగ్గర ఉంచితే ఎదురుచూస్తూనే ఉండాలి. కాండం ముందు కిందకి దిగి, వంపు తిరిగి అప్పుడు పైకి వస్తుంది. చాలా మొక్కల్లో ఆ కాండం నేల లోపలే ఉండిపోతుంది. అందుకే మానూ కనపడదు, మంచూ తగలదు. పెద్దయ్యాక తవ్వి మార్చితే బతకడం కష్టం, కాబట్టి చిన్నప్పుడే శాశ్వతంగా ఉండే చోట పెట్టాలి.

మాను కూడా కావాలి, టెక్సస్ చలికీ ఆగాలి అంటే బ్రజోరియా పామ్ ఉంది. బ్రజోరియా కౌంటీలో దొరికిన సహజ సంకరం, సేబల్ మైనర్‌కీ పెద్ద సేబల్ పామెట్టోకీ పుట్టినది. గింజలు అన్నిచోట్లా దొరకవు. దొరికితే వదలొద్దు. మొలకెత్తించే పద్ధతి సేబల్ మైనర్‌దే.

నీడిల్ పామ్ చలికి ఓర్చుకునే పామ్‌లలో మొదటి స్థానంలో ఉంటుంది. న్యూజెర్సీలో ఉన్నవాళ్లు అడిగితే చెప్పదగ్గ పేరు ఇదే. మరి గింజ వేయాలా? వద్దంటాను. మామూలుగా వేస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా పడుతుంది. పిండం మీద చిన్న మూతలాంటి భాగం ఉంటుంది, దాన్ని సన్నటి బ్లేడుతో జాగ్రత్తగా తీసి వెచ్చగా ఉంచితే త్వరగా మొలుస్తుంది. కానీ అది చేయి తిరిగినవాళ్ల పని, కొంచెం లోతుకు దిగితే పిండమే పోతుంది. మొలిచాక ఎదుగుదల కూడా మహా నెమ్మది. దీన్ని మొక్కగా కొనుక్కోవడమే మేలు. ముళ్లు సూదుల్లా ఉంటాయి, పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా పెట్టండి.

పిండో పామ్ దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వేలది. కొబ్బరికి దగ్గరి చుట్టం. టెంకని చేతిలోకి తీసుకుని చూడండి, కొబ్బరికాయ మీదలాగే మూడు కళ్లు కనిపిస్తాయి. ఒక్కో టెంకలో ఒకటి నుంచి మూడు గింజలు ఉంటాయి, అందుకే ఒక టెంక నుంచి మూడు మొక్కలు వచ్చినా ఆశ్చర్యం లేదు. టెంకని అలాగే వేస్తే కొన్ని నెలలకి, ఒక్కోసారి ఏడాది దాటాక మొలుస్తాయి, ఒకేసారి రావు. పట్టుకారులో బిగించి మెల్లగా పగలగొట్టి లోపలి గింజ మాత్రం తీసి వేస్తే వారాల్లోనే కదలిక మొదలవుతుంది. దీనికి 95 నుంచి 104 ఫారన్‌హీట్ (35 నుంచి 40 సెల్సియస్) వేడి కావాలి. పండు పులుపు తీపి కలిసి బాగుంటుంది, జెల్లీ చేస్తారు. చెట్టు సుమారు 15 ఫారన్‌హీట్ దాకా బాగానే ఉంటుంది. హ్యూస్టన్‌కి, ఆస్టిన్‌కి సరే. డాలస్‌లో అయితే గోడ వారగా పెట్టి, చలి పెరిగినప్పుడల్లా కప్పుకోవాల్సి వస్తుంది.

మెడిటరేనియన్ ఫ్యాన్ పామ్ మొలకెత్తే తీరు విండ్‌మిల్ లాంటిదే, చలి ఓర్పు దానికంటే తక్కువ. గుబురుగా పిలకలు వేస్తుంది, కుండీలో అందంగా ఉంటుంది. ఇంగ్లండ్ దక్షిణాన ఉన్నవాళ్లు చూడొచ్చు.

వాషింగ్టోనియా ఫిలిఫెరా గింజలు రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. పొడిగా నిల్వ ఉంచినవి కూడా బాగానే వస్తాయి. పిల్లలతో కలిసి మొదటిసారి ప్రయత్నించేవాళ్లు దీనితో మొదలుపెడితే ఉత్సాహం చల్లారదు. పెంచడానికి వేరే రకం, నేర్చుకోవడానికి ఈ రకం అనుకోండి. ఎందుకంటే డాలస్‌లో నేల మీద దీని బతుకు జూదమే. ఈత కూడా అంతే. తేలిగ్గా మొలుస్తుంది, కష్టం మీద బతుకుతుంది.

గరాజ్‌లోనా, గదిలోనా?

పైన చెప్పిన ఉష్ణోగ్రతలు చూస్తే గింజలు రెండు గుంపులుగా విడిపోతున్నాయి. విండ్‌మిల్, మెడిటరేనియన్ ఒక గుంపు, వాటికి గది వేడి చాలు. సేబల్‌లు, పిండో రెండో గుంపు, వాటికి నిజమైన వేడి కావాలి. హీట్ మ్యాట్ (గింజల కింద పరిచే కరెంటు వేడి చాప) కొన్నాం కదా అని అన్ని గింజలనీ దాని మీద పెట్టేస్తే విండ్‌మిల్ గింజలు ఊరికే కుళ్లిపోతాయి, అప్పుడు తిట్లు గింజలు అమ్మినవాడికి పడతాయి.

డాలస్ జులైలో గరాజ్ లోపల 100 ఫారన్‌హీట్ తేలిగ్గా దాటుతుంది. సేబల్, పిండో గింజలకి అంతకంటే మంచి చోటు ఇంట్లో లేదు, కరెంటు ఖర్చు కూడా లేదు. అదే సమయంలో విండ్‌మిల్ కవర్ ఏసీ ఉన్న గదిలో అల్మారాలో ఉండాలి. చలికాలంలో మొదలుపెడితే వేడి గుంపుకి హీట్ మ్యాట్ తప్పదు, థర్మోస్టాట్ ఉన్నదే తీసుకోండి. రైస్ కుక్కర్ ‘వార్మ్’లో పెడితే అవుతుందా, ఇన్‌స్టంట్ పాట్‌లో పెరుగు మోడ్ పనికొస్తుందా అని అడిగేవాళ్లు ఉన్నారు. మొదటిది గింజల్ని ఉడికించినంత పని చేస్తుంది. రెండోదీ వద్దు, నెలల తరబడి పెట్టాల్సిన వేడికి అది ఎక్కువే. పెరుగు తోడుపెట్టుకోవడానికే ఉంచుకోండి.

కవర్, కుండీ, నేల

ఎక్కువమందికి పనికొచ్చేది జిప్‌లాక్ కవర్ పద్ధతి. పండు గుజ్జు ఉంటే ముందు పూర్తిగా తీసేయాలి. గుజ్జు మొలకని ఆపుతుంది, బూజునీ పిలుస్తుంది. కొన్ని పామ్‌ల గుజ్జు చేతులకి దురద పుట్టిస్తుంది కాబట్టి గ్లవ్స్ వేసుకోండి. కడిగిన గింజల్ని ఒకటి రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. కోకోపీట్‌ని (కొబ్బరి పీచు పొట్టు) తడిపి పిడికిట్లో గట్టిగా పిండండి. వేళ్ల మధ్య నుంచి చుక్క కూడా రాకూడదు, చెయ్యి తీస్తే ముద్ద విడిపోకుండా ఉండాలి. అంత తడే సరిపోతుంది. ఎక్కువ తడితో పోయే గింజలే ఎక్కువ. గింజల్ని అందులో కలిపి, కవర్ మూసి, పైన రకం పేరు, తేదీ రాసి పెట్టండి. వారానికోసారి తెరిచి గాలి తగలనిస్తే చాలు. గింజ మీద తెల్లటి బూజు కనిపిస్తే కంగారుపడి పారేయకండి. వేలితో నొక్కండి. గట్టిగా ఉంటే కడిగి మళ్లీ పెట్టేయండి. మెత్తబడి వాసన వస్తే అది పోయినట్టే.

కవర్‌లో మంచి ఏమిటంటే వేడి, తడి మన చేతిలో ఉంటాయి, ఏది మొలిచిందో కంటికి కనిపిస్తుంది. చెడు ఏమిటంటే మర్చిపోతే మొలకలు లోపలే మెలికలు తిరుగుతాయి. వేసవి సెలవులకి నెలన్నర ఇండియా వెళ్లేవాళ్లు ఈ పద్ధతి పెట్టుకోకుండా, లోతైన కుండీలోనే నేరుగా అర అంగుళం లోతున గింజ వేసి, పక్కింటివాళ్లకి నీళ్ల బాధ్యత అప్పజెప్పడం మంచిది.

నేల మీద నేరుగా చల్లడం సేబల్ మైనర్‌కి మాత్రమే సలహా ఇస్తాను, అదీ దక్షిణాది రాష్ట్రాల్లోనే. శరదృతువులో పండిన గింజని అప్పుడే మట్టిలో వేసి, ఉడతలు తవ్వకుండా పైన ఇనుప జాలీ పరిచి వదిలేస్తే తర్వాతి వేసవిలో మొలకలు వస్తాయి. అన్నీ రావు, కానీ వచ్చినవాటిని తవ్వి మార్చే పని ఉండదు.

గింజలు కొనేటప్పుడు

రకం కన్నా, పద్ధతి కన్నా ముఖ్యమైనది గింజ వయసు. చాలా పామ్ గింజలకి ఆయువు వారాల నుంచి కొద్ది నెలలే. అమ్మేవాళ్లని ఏ నెలలో కోసినవో అడగండి. జవాబు చెప్పకపోతే వేరే చోటు చూసుకోండి. ప్యాకెట్ వచ్చాక రెండు గింజల్ని త్యాగం చేసి కోసి చూడండి. లోపల దంతం రంగులో గట్టిగా ఉండి, ఒక మూల చిన్న పిండం లేతగా నిండుగా కనిపిస్తే మంచి గింజ. పిండం గోధుమ రంగులోకి మారి ముడుచుకుపోతే, లోపల బోలుగా ఉంటే అప్పుడే డబ్బు వెనక్కి అడగండి. నీళ్లలో తేలితే చెడ్డది, మునిగితే మంచిది అనే పరీక్ష కొంతవరకే నమ్మదగ్గది. తేలినవాటిని వేరే కవర్‌లో పెట్టి చూడండి, పారేయొద్దు.

మీ ఊళ్లోనే ఎవరి పెరట్లోనైనా చలికి తట్టుకుని కాసిన చెట్టు ఉంటే, అడిగి తెచ్చుకున్న గింజ అన్నిటికన్నా మేలు. తాజాగా ఉంటుంది, ఆ చలిని చూసిన చెట్టుది అవుతుంది. విండ్‌మిల్‌లో ఆడ చెట్టు, మగ చెట్టు వేరు, కాబట్టి ఒంటరిగా ఉన్న చెట్టుకి కాయలు లేవని ఆశ్చర్యపోకండి. పార్కుల్లో అయితే అనుమతి లేకుండా కోయొద్దు.

మొలక వచ్చాక

ఇక్కడ మనవాళ్లకి ఒక సౌకర్యం ఉంది: తేగలు తిని పెరిగాం. తాటి టెంకని పాతరేస్తే దానిలోంచి ఒక కాడ నేలలోకి దిగుతుంది, మొక్క టెంక దగ్గర కాకుండా కింద ఆ కాడ చివర పుడుతుంది. విండ్‌మిల్, సేబల్, ఈత, వాషింగ్టోనియా అన్నీ ఇదే దారిలో కాడ దించే రకాలే, తేగంత లావుగా ఊరవు, అంతే. కవర్‌లో గింజ నుంచి తెల్లగా బయటికొచ్చేది వేరు అనుకుంటారు గానీ అది ఆ కాడ. కాబట్టి కుండీ లోతుగా ఉండాలి, దాదాపు అడుగు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ కోసి, అడుగున బెజ్జాలు పెట్టినా పనికొస్తుంది. కొబ్బరి తీరులో గింజని ఆనుకునే మొక్క పుట్టే పిండోకి మాత్రం ఇంత లోతు పట్టింపు లేదు.

కాడ అంగుళం పొడుగు కాగానే కుండీలోకి మార్చండి. కొన విరిగితే ఆ మొక్క ముగిసినట్టే, కాబట్టి చేత్తో లాగకుండా కోకోపీట్‌తో సహా ఎత్తి పెట్టండి. గింజని తెంపేయొద్దు. తేగ తీసిన టెంకలో తెల్లటి బుర్రగుంజు ఉంటుంది కదా, అలాంటిదే ఈ చిన్న గింజలోనూ తయారై నిల్వ ఉన్న ఆహారాన్ని కరిగించి మొక్కకి పంపుతుంది. మొదటి రెండు నెలలు ఎరువు అక్కర్లేదనడానికి కారణం ఇదే.

చెట్టు 0 ఫారన్‌హీట్‌కి ఆగుతుందని రాసి ఉంటే అది నేలలో వేళ్లూనుకున్న పెద్ద మొక్క సంగతి. చిన్న మొక్కకి, అందులోనూ కుండీలో ఉన్నదానికి అంత శక్తి ఉండదు, వేళ్ల దాకా గడ్డకట్టిపోతుంది. మొదటి రెండు మూడు చలికాలాలు రాత్రి ఉష్ణోగ్రత 30 ఫారన్‌హీట్ కిందకి పడేటప్పుడు లోపలికి తెచ్చేయండి. నేలలో పెట్టడానికి ఏప్రిల్, మే సరైన కాలం. చలి వచ్చేలోపు వేళ్లు దిగడానికి ఒక వేసవి మొత్తం దొరుకుతుంది. ఉత్తరపు గాలి తగలని, నీళ్లు నిలవని చోటు చూసి, మొక్క కుండీలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున పెట్టండి.